జనాభా వేగం తగ్గింది, దాహం ఎందుకు పెరిగింది?

1951లో మన దేశంలో తలసరి నీటి లభ్యత ఏడాదికి 5,177 ఘనపు మీటర్లు. అంటే ఒక్కో మనిషి వాటాకు 51 లక్షల లీటర్లకు పైనే. 2011 నాటికి అది 1,545 ఘనపు మీటర్లకు పడిపోయింది. 2021కి 1,486 అని ప్రభుత్వ అంచనా. ఈ డెబ్బై ఏళ్లలో దేశం మీద కురిసే వాన మూడింట రెండు వంతులు తగ్గిపోలేదు, నదులు మాయమైపోలేదు. పంచుకునేవాళ్లు పెరిగారు. 1951లో 36 కోట్లున్న జనం 2011లో 121 కోట్లయ్యారు, ఇప్పుడు 140 కోట్లు దాటారు. తలసరి లభ్యత 1,700 ఘనపు మీటర్ల లోపుకు వస్తే నీటి ఒత్తిడి మొదలైనట్టని, 1,000 లోపుకు దిగితే కొరతేనని నిపుణులు లెక్కగడతారు. ఈ అంకెలు చూసిన చాలామంది జనాభాయే అన్ని అనర్థాలకూ మూలమని తేల్చేస్తారు. మరికొందరు జనాభాతో చిక్కేమీ లేదు, దోషమంతా పాలకులదీ సంపన్నులదీ అంటారు. ఈ రెండు మాటల్లోనూ సగం నిజమే ఉంది. జనాభా పెరిగినంత మాత్రాన చెరువు ఎండిపోదు, అడవి కూలిపోదు. కానీ జనం పెరిగేకొద్దీ మన తప్పులను ప్రకృతి సర్దుకుపోయే వెసులుబాటు తరిగిపోతుంది. ఒకప్పుడు చెల్లుబాటైన పొరపాటు అప్పుడు ప్రాణాల మీదికి తెస్తుంది. ఈ సంగతి అర్థం చేసుకోవడానికి దూరం వెళ్లనక్కర్లేదు. తెలుగు నేల మీది నీటి కథే చాలు.

భద్రత అనగానే మనకు సరిహద్దులూ సైన్యమూ గుర్తొస్తాయి. ఆ ఆలోచనను ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1994లో తన మానవాభివృద్ధి నివేదికతో మలుపు తిప్పింది. పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ నాయకత్వంలో వచ్చిన ఆ నివేదిక దేశం భద్రంగా ఉన్నంత మాత్రాన అందులోని మనిషి భద్రంగా ఉన్నట్టు కాదని చెప్పింది. ఆదాయం, ఆహారం, ఆరోగ్యం, పర్యావరణం, వ్యక్తిగత రక్షణ, సమాజం, రాజకీయ హక్కులు అనే ఏడు వైపుల నుంచీ మనిషి భద్రతను చూడమంది. రేపేమవుతుందోనన్న బెంగ లేకుండా కుటుంబం ఈ రాత్రి నిద్రపోగలదా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. నీళ్లకు వచ్చేసరికి ఈ ఏడూ ఒకదానికొకటి ముడిపడి కనిపిస్తాయి. బోరు ఎండితే ఆదాయం పోతుంది, పంట పోతే తిండి గింజలు కొనుక్కోవాల్సి వస్తుంది, లోతు నుంచి తోడిన నీటిలో ఫ్లోరైడ్ ఉంటే ఎముకలు వంగిపోతాయి, ఊరు వదిలి వలసపోతే ఇరుగుపొరుగు అండ తెగిపోతుంది. జనాభా, పర్యావరణం, మానవ భద్రత మూడింటినీ కలిపి చూడాలనడం ఇందుకే.

తప్పిన జోస్యం, మిగిలిన బాకీ

జనాభా గురించిన భయం కొత్తది కాదు. తిండి గింజల కంటే జనం వేగంగా పెరుగుతారని, కరువులూ రోగాలే ఆ లెక్కను సరిచేస్తాయని ఇంగ్లండుకు చెందిన థామస్ మాల్థస్ 1798లోనే రాశాడు. 1968లో అమెరికా జీవశాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ జనాభాను బాంబుతో పోల్చి పుస్తకం రాశాడు. 1970లలో కోట్ల మంది ఆకలితో చనిపోతారని హెచ్చరించాడు, భారతదేశం మీద పెద్దగా ఆశ పెట్టుకోలేదు. ఆ జోస్యం తప్పింది. 1950-51లో దాదాపు 5 కోట్ల టన్నులున్న మన ఆహారధాన్యాల దిగుబడి 2022-23 నాటికి 33 కోట్ల టన్నుల దరిదాపులకు చేరింది. జనం నాలుగు రెట్లయితే గింజలు ఆరు రెట్లయ్యాయి. పైగా కరువు చావులకు కారణం గింజలు లేకపోవడమే కాదని, అవి కొనుక్కునే శక్తి పేదవాడి చేతి నుంచి జారిపోవడమని అమర్త్య సేన్ 1943 నాటి బెంగాల్ కరువును పరిశోధించి నిరూపించారు. ఇంత జరిగాక, జనాభా పెరిగితే ఏమవుతుంది, విజ్ఞానం చూసుకుంటుందిలే అనే ధీమా కలగడం సహజం.

ఆ ధీమాకు ఆధారమైన దిగుబడి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. కొత్త వంగడాలూ ఎరువులూ ఎంత ముఖ్యమో నీళ్లూ అంతే ముఖ్యం. ఆ నీళ్లలో పెద్ద వాటా కాలువలది కాదు, భూగర్భానిది. ప్రపంచ జనాభాలో ఇంచుమించు 18 శాతం మనమే, మంచినీటి వనరుల్లో మన వాటా మాత్రం 4 శాతం. అయినా భూగర్భ జలాన్ని తోడేయడంలో ప్రపంచంలో మొదటి స్థానం మనదే. అమెరికా, చైనా కలిసి తోడే దానికన్నా మనం ఒక్కరమే ఎక్కువ తోడుతున్నాం. అందులో దాదాపు 87 శాతం సేద్యానికే పోతోంది. మాల్థస్ చెప్పిన ప్రళయాన్ని మనం తప్పించుకున్న మాట నిజమే, కానీ కొంతమేరకు రాబోయే తరాల ఖాతా నుంచి అప్పు తెచ్చుకుని తప్పించుకున్నాం. ఆ బాకీ గంగా మైదానంలో ఒకలా, దక్కన్ పీఠభూమిలో ఒకలా బయటపడుతుంది. తెలంగాణ, రాయలసీమ నేలల్లో అత్యధిక భాగం కింద గట్టి రాతి పొర ఉంది. ఒండ్రు నేలల్లోలా ఇక్కడ నీరు మందపాటి పొరల్లో నిలవదు, పైనున్న పెచ్చురాయిలోనూ కింద రాతి పగుళ్లలోనూ మాత్రమే దాగి ఉంటుంది. నాలుగైదు నెలలు తోడితే అయిపోతుంది. మళ్లీ వాన పడాలి, చెరువు నిండాలి, నీరు ఇంకాలి. పక్క చేను బోరు మన బోరు కంటే లోతుకు దిగితే మనది ఎండుతుంది. అప్పుడు మనం ఇంకా లోతుకు వేస్తాం. ఈ పోటీలో చివరికి గెలిచే రైతు ఉండడు.

కాన్పులు తగ్గాయి, తోడడం తగ్గలేదు

ఈ ఒత్తిడికి కారణం పిల్లలు ఎక్కువమంది పుట్టడమేనా? తెలుగు రాష్ట్రాల లెక్కలు కాదనే చెబుతున్నాయి. 2001-2011 మధ్య దేశ జనాభా 17 శాతానికి పైగా పెరిగితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 11 శాతమే పెరిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఒక తరం స్థానాన్ని తర్వాతి తరం సరిగ్గా భర్తీ చేయాలంటే ఆ సంఖ్య 2.1 ఉండాలి. అంటే తెలుగు కుటుంబం ఆ గీత దిగువకు ఎప్పుడో వచ్చేసింది. ఆడవాళ్ల చదువు ఇంకా అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లోనే ఇక్కడ కాన్పులు తగ్గడం జనాభా శాస్త్రజ్ఞులను సైతం ఆశ్చర్యపరిచింది. పుట్టిన బిడ్డ బతుకుతాడన్న నమ్మకం కుదరడం, ఇద్దరైతే చదివించుకోవచ్చన్న ఆశ, ఆపరేషన్ సదుపాయం పల్లెల దాకా రావడం, మహిళా సంఘాల ద్వారా ఇల్లాలి మాటకు కొంత విలువ పెరగడం ఇందుకు తోడ్పడ్డాయి.

ఇంతలా కాన్పులు తగ్గిన నేల మీద నీటి కష్టం కూడా తగ్గాలి కదా? అది తగ్గలేదు. 2014లో తెలంగాణ ఏర్పడిన నాటి నుంచి రాష్ట్రంలో వరి దిగుబడి వేగంగా పెరిగింది. పదేళ్లు తిరగకముందే అది 200 లక్షల టన్నులు దాటింది. ఆ కాలంలో జనాభా అంత వేగంగా పెరగలేదు. పెరిగినవి ఎత్తిపోతల నీళ్లు, పూడిక తీసిన చెరువులు, ఉచిత విద్యుత్తుతో నడిచే మోటార్లు, వడ్లకు ఖాయంగా దొరికే మద్దతు ధర. కిలో బియ్యం పండించడానికి రెండున్నర వేల నుంచి మూడు వేల లీటర్ల దాకా నీరు పడుతుంది. ఆ బియ్యంలో పెద్ద భాగం భారత ఆహార సంస్థ గోదాముల ద్వారా ఇతర రాష్ట్రాలకు వెళ్తుంది. రైతు చేసింది తప్పని దీని అర్థం కాదు. కందులు, జొన్నలు, వేరుశనగ వేస్తే ధర ఉంటుందో లేదో తెలియని రైతు, కొనే నాథుడున్న వరి వైపు వెళ్లడం పూర్తిగా సబబే. మనం గమనించవలసింది ఒక్కటే. నేల కింది నీటిని ఎంత తోడాలో నిర్ణయిస్తున్నది ఊళ్లోని తలల సంఖ్య కాదు, ధరలు, కరెంటు, కొనుగోలు విధానం. మంచి వానలు పడ్డ ఏళ్లలో నీటిమట్టాలు పైకి వచ్చిన మాట నిజమే. కానీ 2023 వానాకాలం గాడి తప్పగానే 2024 వేసవికి యాసంగి వరి ఎండిపోవడం, హైదరాబాద్‌లో ట్యాంకర్ల కోసం జనం బారులు తీరడం చూశాం. ఒక్క ఏడాది వాన తప్పితే తట్టుకోలేని స్థితినే వెసులుబాటు కరిగిపోవడం అంటాం.

జనాభా ఎంత పెరిగిందన్న దానికంటే ఎక్కడ పెరిగిందన్నది ఇంకా కీలకం. 2001-2011 మధ్య ఉమ్మడి రాష్ట్రం 11 శాతం పెరిగితే, హైదరాబాద్‌ను చుట్టుకుని ఉన్న రంగారెడ్డి జిల్లా 48 శాతం పెరిగింది. ఈ పెరుగుదలలో ప్రధాన పాత్ర వలసలది. పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా, బిహార్‌ల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లతో నగరం నిండింది. వాళ్లలో చాలామందిని తరిమింది పల్లెలో ఎండిన బోరే. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలాది మందిని పొట్టన పెట్టుకున్నాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు వరదను ఆపడానికీ తాగునీటికీ కలిపి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. కొన్ని దశాబ్దాలు నగరం దాహం వాటితో తీరింది. తర్వాత మంజీర, సింగూరు నీళ్లు వచ్చాయి. 2004 నుంచి వంద కిలోమీటర్లు దాటి నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణా జలం, 2015 నుంచి ఎల్లంపల్లి నుంచి దాదాపు 180 కిలోమీటర్లు ప్రయాణించి గోదావరి జలం ఎక్కివస్తున్నాయి. ఎత్తు మీదున్న నగరానికి ప్రతి చుక్కనూ కరెంటు ఖర్చు పెట్టి మోటార్లతో ఎక్కించాలి. దూరాన ఉన్న నదిని తెచ్చుకోగలిగిన నగరం తన పక్కనున్న చెరువును కాపాడుకోవాలన్న పట్టుదలను కోల్పోతుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల పరీవాహకంలో కట్టడాలను నియంత్రిస్తూ 1996లో వచ్చిన 111 జీవో మీద ఏళ్ల తరబడి సాగుతున్న పెనుగులాటే ఇందుకు నిదర్శనం.

నీరు కరువైన నగరమే వరదలో మునగడం చాలామందికి వింతగా తోస్తుంది. నిజానికి రెండింటికీ మూలం ఒకటే. దక్కన్‌లో చెరువులు గొలుసుకట్టుగా ఉండేవి. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు చేరేది. చెరువుల శిఖం భూముల్లో కాలనీలు లేచి, వాగులు మురుగు కాలువలై, నేలంతా సిమెంటు పరుచుకున్నాక వాన నీరు ఇంకడానికీ చోటు లేదు, పారడానికీ దారి లేదు. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగింది అందుకే. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో బుడమేరు ఉప్పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. బుడమేరు చేరాల్సిన కొల్లేరు కూడా ఎన్నో ఏళ్లుగా చేపల చెరువుల గట్ల మధ్య కుంచించుకుపోయింది. 1999లో అభయారణ్యంగా ప్రకటించాక, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చాక కూడా ఆక్రమణలు ఆగలేదు, 2006 నాటికి గట్లను పేల్చి తొలగించాల్సి వచ్చింది. వరద దారిలో ఇల్లు కట్టుకున్నవాడు మామూలుగా పేదవాడే. ఊరి నడుమ భూమి అతనికి అందుబాటులో లేదు. పెరిగిన జనానికి భద్రమైన చోట జాగా చూపించలేని ప్రణాళిక వాళ్లను వాగు ఒడ్డుకు నెడుతుంది, తర్వాత ఆక్రమణదారులని పేరు పెడుతుంది.

దెబ్బ ఎవరి మీద పడుతోంది

వెసులుబాటు తగ్గినప్పుడు అందరికీ సమానంగా తగ్గదు. అపార్ట్‌మెంటులో బోరు ఎండితే ట్యాంకర్ వస్తుంది, నెలవారీ ఖర్చు పెరుగుతుంది, అంతటితో సరి. బస్తీలో కుళాయి రాకపోతే బిందెలు పట్టుకుని క్యూలో నిలబడేది ఆడపిల్ల. ఆ రోజు ఆమె కూలో బడో పోతుంది. నల్లగొండ జిల్లా మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల్లో తరాల తరబడి ఫ్లోరైడ్ నీరు తాగి నడుములు వంగిపోయినవాళ్లు, నదీజలాన్ని పైపుల్లో తెప్పించుకునే స్తోమత లేక ఆ నీరు తాగినవాళ్లే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని అనంతపురంలో అప్పు చేసి ఒకటి తర్వాత ఒకటిగా బోర్లు వేయించి నీళ్లు పడని రైతు, అందునా బ్యాంకు రుణం అందని కౌలు రైతు, ఆ అప్పును బెంగళూరు కూలీ పనులతో తీర్చుకోవాలి. మనుషుల మధ్యే కాదు, రాష్ట్రాల మధ్యా ఇదే సాగుతోంది. కృష్ణా జలాల్లో బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి కేటాయించిన 811 టీఎంసీల పంపకం మీద రెండు రాష్ట్రాల మధ్య వివాదం కొనసాగుతూనే ఉంది. 2023 నవంబరు చివర నాగార్జునసాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు, చివరికి కేంద్ర బలగాలను దించాల్సి వచ్చింది. ఒకే భాష మాట్లాడే, ఒకే నది తాగే ప్రజల మధ్య ఈ పరిస్థితి రావడం ఎంత బాధాకరమో చెప్పనక్కర్లేదు. నీరు సమృద్ధిగా ఉన్నప్పుడు కాగితం మీద మిగిలిపోయే తగాదా, కొరత వచ్చిన ఏడాది గేట్ల దాకా వస్తుంది.

జనం పెరిగేకొద్దీ వెసులుబాటు తరిగిపోతుందన్న ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో మొదటిది బలమైనదే. పర్యావరణాన్ని పాడుచేస్తున్నది ధనిక దేశాలైతే, పేద దేశాల జనాభాను ఎందుకు వేలెత్తి చూపాలి? ఏడాదికి తలసరి కార్బన్ డయాక్సైడ్ విడుదల మన దేశంలో దాదాపు 2 టన్నులు, అమెరికాలో దాదాపు 14 టన్నులు. వాతావరణ మార్పు విషయంలో జనాభాను దోషిగా నిలబెట్టడం అన్యాయమే. అయితే వాతావరణానికి వర్తించే లెక్క నీటికి యథాతథంగా వర్తించదు. పొగ ప్రపంచమంతా కలిసిపోతుంది, నీరు మాత్రం ఏ పరీవాహకానిది ఆ పరీవాహకానికే. మహబూబ్‌నగర్ బోరులో నీరు తగ్గినందుకు అమెరికా వినియోగాన్ని తప్పుపట్టి లాభం లేదు. పైగా వేడెక్కుతున్న వాతావరణం వానలను గతి తప్పిస్తే ఆ దెబ్బ ముందుగా తగిలేది వెసులుబాటు లేని నేలకే. ధనిక దేశాల బాధ్యతను గట్టిగా అడుగుతూనే మన నీటిని మనం చక్కదిద్దుకోవాలి.

రెండో అభ్యంతరం దీనికి పూర్తిగా ఎదురుగా వస్తుంది. జనాభా వెసులుబాటును తినేస్తోందని ఒప్పుకుంటే కఠిన చట్టాలతో దాన్ని ఆపవచ్చు కదా అంటారు. ఆ దారి మనం నడిచి చూశాం. 1952లోనే ప్రభుత్వ స్థాయిలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టిన దేశం, ఎమర్జెన్సీలో 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేయించింది. వాటిలో బలవంతంగా చేసినవి లెక్కలేనన్ని. ప్రజల్లో కలిగిన భయం కుటుంబ నియంత్రణకే చెడ్డపేరు తెచ్చి ఏళ్ల తరబడి వెనక్కి లాగింది. మానవ భద్రత కోసమని చెప్పి మనిషి ఒంటి మీద అతని హక్కునే లాక్కోవడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. తెలుగు నేల మీద కాన్పులు తగ్గింది నమ్మకం వల్ల. ఆ విజయంలోనూ ఒక అన్యాయం దాగి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, మగవాళ్ల వాటా నామమాత్రం. 20-24 ఏళ్ల యువతుల్లో 29 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయింది. భారమంతా మోసింది ఆడవాళ్లే.

మూడో వాదన ఈ మధ్యే బలపడింది. వృద్ధులు పెరుగుతున్నారు, పనిచేసే చేతులు తగ్గుతున్నాయి, కాబట్టి పిల్లల్ని ఎక్కువగా కనాలని. 2024లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఈ మాట బహిరంగంగా చెప్పారు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను అదే ఏడాది రాష్ట్ర శాసనసభ తొలగించింది. ఆ నిబంధన పోవడం మంచిదే, ప్రజాస్వామ్యంలో పిల్లల సంఖ్య అర్హతకు కొలమానం కాకూడదు. వృద్ధాప్య సమస్య కూడా నిజమైనదే. కానీ ఎంతమందిని కనాలన్నది ప్రభుత్వం చెప్పవలసిన మాట కాదు, అటు తగ్గించమనీ కాదు, ఇటు పెంచమనీ కాదు. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం మన జనాభా 2060లలో దాదాపు 170 కోట్లకు చేరి ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. ఇప్పుడున్న యువతరం తల్లిదండ్రులయ్యే దాకా ఈ పెరుగుదల ఎలాగూ ఆగదు. కాబట్టి రాబోయే నలభై ఏళ్లకు మనముందున్న పని, పుట్టబోయే పిల్లల సంఖ్యను సవరించడం కన్నా, పుట్టినవాళ్లందరికీ సరిపడేలా నీటినీ నేలనూ సవరించుకోవడం.

అది సాధ్యమేనని చూపిన ప్రయోగాలు మన దగ్గరే జరిగాయి. 2000వ దశకంలో అనంతపురం, నల్లగొండ, ప్రకాశం తదితర ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను నిర్వహించుకునే పథకం ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచింది. వాన ఎంత పడిందో, బోర్లలో మట్టం ఎంతుందో రైతులే స్వయంగా కొలిచి, ఊరంతా కూర్చుని ఆ ఏటి నీటికి ఏ పంట సరిపోతుందో లెక్క వేసుకున్నారు. ఎవరి మీదా నిర్బంధం లేదు, లెక్క కళ్లముందు కనబడటంతో చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. ఈ పద్ధతి ప్రతి ఊరికీ వెళ్లాలి, దానికి తోడు కందులకూ చిరుధాన్యాలకూ వడ్లకు దక్కే కొనుగోలు హామీ దక్కాలి. 2002లోనే వచ్చిన నీరు, నేల, చెట్ల పరిరక్షణ చట్టం వాల్టాను అమలు చేయాలి. చెరువుల పూర్తి నీటిమట్టం హద్దులను నేల మీద పాతి, వాటిలో ఇళ్లు కట్టుకున్న పేదలకు ముందు వేరేచోట ఇళ్లిచ్చి ఆ తర్వాత ఖాళీ చేయించాలి. నగరాలు వాడిన నీటిని శుద్ధి చేసి పరిశ్రమలకూ పార్కులకూ తిరిగి వాడాలి. మూసీ దిగువ రైతులు నగరం మురుగుతో పైరు పండించుకోవాల్సిన దుస్థితి పోవాలి. ఆడపిల్ల కనీసం ఇంటర్ దాటేదాకా బడిలో ఉంటే ఆమె పెళ్లి వయసు, ఆరోగ్యం, పిల్లల సంఖ్య ఎవరి ఆజ్ఞా లేకుండానే ఒక దారికి వస్తాయి.

జనాభాను తిట్టుకోవడం సులువు, ఎందుకంటే ఆ తిట్టులో మనం ఎప్పుడూ ఉండం. ఎక్కువైపోయింది అవతలివాళ్లే అనిపిస్తుంది. తలల లెక్కను కొట్టిపారేయడమూ అంతే సులువు, అప్పుడు మన వాడకాన్ని తగ్గించుకోనక్కర్లేదు. తెలుగు నేల ఈ రెండు సాకులనూ ఒప్పుకోదు. కాన్పుల విషయంలో మన ఆడవాళ్లు తమ వంతు పని ఒక తరం ముందే పూర్తిచేశారు. మిగిలింది నీటి లెక్క. దాన్ని పూర్తిచేయాల్సింది పంటల ధరలు నిర్ణయించే ప్రభుత్వాలూ, చెరువులను కాపాడాల్సిన పురపాలకులూ, రోజూ కుళాయి తిప్పే మనమూ. 1,486 అన్న అంకె వచ్చే దశాబ్దాల్లో ఇంకా తగ్గుతుంది, దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ కొద్ది నీటితోనే ఎవరికీ గొంతు ఎండని, ఎవరి ఇల్లూ మునగని బతుకు ఏర్పాటు చేసుకోవడం మాత్రం పూర్తిగా మన చేతుల్లోనే ఉంది.